కాలవ అవతలి స్టాపు

ఫిబ్రవరి 9

మామయ్యగారికి,

నమస్కారం. ఇలా పిలవొచ్చో లేదో తెలియక రెండు కాగితాలు చించేశాను. మీ అబ్బాయికీ నాకూ ఇక సంబంధం లేదని కోర్టువాళ్ళు తేల్చారుగానీ, మీ సంగతి అక్కడ ఎవరూ ఎత్తలేదు. అందుకని ధైర్యం చేశాను. మీకు నచ్చకపోతే చెప్పండి, మార్చుకుంటాను.

ఈ ఊరొచ్చి ఏడాది కావస్తోంది. పళ్ళ సెట్లు చేసే ల్యాబులో పని. డాక్టర్లు అచ్చులు పంపిస్తారు, మేం మైనంలో పళ్ళు నిలబెట్టి వెనక్కి పంపిస్తాం. రోజంతా ఎవరెవరి దవడలో నా చేతుల్లో ఉంటాయి, ఒక్కటీ మాట్లాడదు. ఈ ఊళ్ళో నాకు తెలిసిన నోళ్ళన్నీ ప్లాస్టర్‌వే అంటే నవ్వుతారేమో. పక్క బల్ల దగ్గర ఆవిడ మంచిదే, కానీ పొద్దున చెవుల్లో పాటలు పెట్టుకుంటే సాయంత్రం తీస్తుంది. గదికొచ్చి గ్లాసు బల్లమీద పెడితే ఆ చప్పుడుకి నేనే ఉలిక్కిపడుతుంటాను.

అసలు సంగతికొస్తాను. కంప్యూటర్లో ఒక మ్యాపుంది. ఏ కంపెనీదీ కాదు. ఎవరైనా అందులో గీయొచ్చు, ఒకరు గీసింది ఇంకొకరు దిద్దొచ్చు. ల్యాబుకి దగ్గరి దారి వెతుక్కోవడానికి తెరిచి, ఎందుకో మన ఊరికి వెళ్ళాను. (మన ఊరు అనేశాను, చూశారా.) వీధులన్నీ ఉన్నాయి, ట్రాము పట్టాలే సగం లేవు. మీరు నడిపిన నాలుగో నంబరు బండి ఆస్పత్రి దగ్గర మాయమై మళ్ళీ డిపోలో తేలుతోంది. మధ్యలో రెక్కలొచ్చాయా? చూస్తూ ఊరుకోలేక నేనే గీయడం మొదలుపెట్టాను. ఆకాశంనుంచి తీసిన ఫొటో కింద పరిచి ఉంటుంది. దానిమీద పట్టాల వెంట చుక్క తర్వాత చుక్క పెట్టుకుంటూ పోవడమే.

చిక్కంతా బడివీధి దగ్గరొచ్చింది. అక్కడన్నీ చెట్లు, ఫొటోలో ఆకులు తప్ప ఏమీ కనపడవు. పోయే బండికొకటి, వచ్చే బండికొకటి అని రెండు లైన్లు గీసేశాను. "పిచ్చుక" అని పేరు పెట్టుకున్న వాళ్ళెవరో కింద ఓ మాట రాశారు: "అక్కడ సింగిల్ లైనని విన్నాను. చూసి గీశారా, ఊహించి గీశారా?" ఊహించే గీశాను. చచ్చేంత సిగ్గేసింది.

అక్కడ సింగిలా, డబులా? మీకు తెలిసినంత ఎవరికి తెలుస్తుంది? ఒక్క ముక్క రాస్తే చాలు.

ఆరోగ్యం జాగ్రత్త.

మీ కోడలు (కొట్టేయడానికి మనసొప్పలేదు)

*

ఫిబ్రవరి 18

అమ్మాయ్,

మామయ్యా అనకపోతే ఏమంటావు, డ్రైవరుగారూ అంటావా? రిటైరయ్యాను కాబట్టి ఆ మాటా అబద్ధమే. పిచ్చి ప్రశ్నలు వేయకు.

నీ ఉత్తరాన్ని కింద సైకిల్ షాపతను పైకి తెచ్చిచ్చాడు. కరెంటువాళ్ళు ఇంత లావు కవరులో ఏం పంపారా అనుకున్నాను. దస్తూరీ చూడగానే పోల్చుకున్నాను. మీ అత్తయ్య ఉన్నప్పుడు ఊరగాయ జాడీలమీద నువ్వు రాసిన చీటీలు ఇంకా ఉన్నాయి, జాడీలే ఖాళీ.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాశావు, మంచిపని. మోటారు హోరు నా చెవుల్లో కాపురం పెట్టి మిగతా చప్పుళ్ళన్నిటినీ బయటికి గెంటేసింది. ఫోన్లో అక్షరాలు చదవాలంటే చీమల బారు. ఉత్తరమైతే కళ్ళద్దాలు పెట్టుకుని ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు.

బడివీధి సింగిల్ లైనే. ఇస్త్రీ కొట్టు దాటగానే రెండు లైన్లూ ఒకటైపోతాయి. బడి గోడ అయిపోయాక మళ్ళీ దేని దారి దానిది. ఎదుటి బండి లోపలుంటే దీపం ఎర్రగా ఉంటుంది, మనం ఇస్త్రీ కొట్టు ముందు ఆగాలి. అక్కడ ఆగి ఆగి ఆ ఇస్త్రీ అతని ఇంటి సంగతులన్నీ నాకు కంఠతా వచ్చేశాయి.

ఊహించి చెప్పానని నీ పిచ్చుక నన్ననకుండా, నిన్న వెళ్ళి చూసి మరీ వచ్చాను. పాసుంది కదా. ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. బ్రేకు వేయాల్సినచోటల్లా నా కాలే ముందు నేలకి నొక్కుకుంది. పక్కనున్న ఆయన కాలు తిమ్మిరెక్కిందా అని సైగ చేశాడు. చాన్నాళ్ళ తర్వాత ఒక పనిమీద బయటికెళ్ళాను, అమ్మాయ్. ఊరికే వెళ్ళడం వేరు, పనిమీద వెళ్ళడం వేరు.

నువ్వడగలేదు, అయినా చెప్పడం నా ధర్మం. వాడు కాలవ అవతల కొత్త కాలనీలో ఇల్లు తీసుకున్నాడు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. నీకు తెలిసే ఉంటుంది. నేను రెండుసార్లు వెళ్ళాను. సోఫాలో కూర్చోబెట్టి టీవీ పెడతారు. నాకు వినపడదని వాళ్ళకి గుర్తుండదు, గుర్తుచేయడం నాకు చేతకాదు. బొమ్మలు చూసి వచ్చేస్తాను.

ఇంకా ఏమైనా చూడాలంటే రాయి. నాకు తీరికే తీరిక.

ఆశీస్సులతో,
మామయ్య

*

మార్చి 1

మామయ్యగారికి,

మీ ఉత్తరం అందిన సాయంత్రమే బడివీధి దిద్దాను. ఇస్త్రీ కొట్టు దగ్గర రెండు గీతలూ కలిపి, గోడ చివర మళ్ళీ విడదీశాను. "ఈ లైనుమీద బండి నడిపినవారే స్వయంగా వెళ్ళి చూశారు" అని కింద రాశాను. పిచ్చుక వెంటనే జవాబిచ్చింది: "ఇలాంటివారు ప్రతి ఊరికీ ఒకరుంటే మ్యాపు బాగుపడుతుంది." మీకు చూపించాలనిపించింది.

ఈ గీతల్లో ఇంత తగువుంటుందని నాకు తెలియదు. పట్టాలు రెండు జతలున్నచోట ఒక్క గీతే గీసి పక్కన "రెండు" అని రాస్తే చాలని కొందరు. అలా అయితే ఏ స్టాపు ఎటు పోయే బండిదో, రోడ్డు దాటే మనిషి ఎన్ని లైన్లు దాటాలో తెలియదు, ఉన్నవాటిని ఉన్నట్టు రెండూ గీయాలని పిచ్చుక. నాకూ అదే సబబనిపించింది. ఇప్పుడు ఊరంతా ఇద్దరం పంచుకున్నాం. కాలవకి ఇవతల నాది, అవతల పిచ్చుకది. పిచ్చుక ఉండేది మీ ఊళ్ళోనేనట. ఆదివారాలు కాలినడకన తిరిగి ఇంటి నంబర్లతో సహా ఎక్కిస్తుందట. అంతకుమించి ఏమీ తెలియదు. కానీ మామయ్యా, సాయంత్రం గదికి తొందరగా వెళ్ళాలనిపిస్తోంది, ఇవాళ ఏం రాసిందోనని. ఈ ఊరొచ్చాక అలా అనిపించడం ఇదే మొదలు.

ఇంకొక్క సాయం. పాత మార్కెట్ షెడ్డులోకి ఒక లైను చీలి వెళ్ళేది కదా. మ్యాపులో పట్టాలకి మూడు రకాల గతులు: బండ్లు తిరుగుతున్నవి, పట్టాలుండి బండ్లు లేనివి, పట్టాలే పీకేసినవి. మూడో రకమైతే తీసేయాలి. నేలమీద లేనిది మ్యాపులో ఉండకూడదని పిచ్చుక పట్టుబడుతోంది. నాకేమో చెరపడానికి చెయ్యి రావడం లేదు. పెళ్ళయిన కొత్తలో అత్తయ్యా నేనూ ఆ మార్కెట్ నుంచే సంచులు మోసుకుంటూ మీ బండెక్కేవాళ్ళం. మీరు యూనిఫారంలో ఉంటే మమ్మల్ని తెలియనట్టు మొహం పెట్టేవారు.

మీకు వీలైతేనే. తొందరేం లేదు.

మీ కోడలు

*

మార్చి 24

అమ్మాయ్,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. కొన్నాళ్ళపాటు కింద రాసిన అడ్రసుకి రాయి. పాత ఇంటికి వద్దు.

మార్కెట్ షెడ్డు చూశాను. పట్టాలున్నాయి, బండ్లు లేవు. మలుపు దగ్గర మొదలై గేటు కిందనుంచి లోపలికి వెళ్ళాయి. గేటుకి తాళం. సగందాకా తారు పోశారుగానీ గాడి కనపడుతూనే ఉంది. కాబట్టి చెరపనక్కర్లేదు, రెండో రకంలో వేసుకో. వానకి ఇనుము నున్నగా ఉంటుంది, చూడ్డానికెళ్ళేవాళ్ళు జాగ్రత్తగా నడవాలని కూడా రాయి, రాసే వీలుంటే.

దస్తూరీ వంకరగా ఉందేమో. పడుకుని రాస్తున్నాను, బద్ధకం. ఇక్కడ అన్నీ వేళకి జరుగుతాయి. భోజనం వేళకి, మందు వేళకి. ఇక్కడి అమ్మాయి మంచిది. చిన్నదైనా ఓపికమంతురాలు. పొద్దునా సాయంత్రం దగ్గరుండి నడిపిస్తుంది, కాళ్ళకి నూనె రాస్తుంది. నా మాట వినక నేను చెప్పిందానికల్లా నవ్వుతుంది.

ఇక ఆ పిచ్చుకబ్బాయి సంగతి. నువ్వు దాచినా నాకు తెలుస్తుంది. సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఎదురుచూసే వయసు నేనూ దాటి వచ్చినవాణ్ణే. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు, ఉన్నది ఉన్నట్టు ఉండాలంటున్నాడు. నువ్వు చిన్నదానివి. ఆ దవడల మధ్య ఎన్నాళ్ళని కూర్చుంటావు? నా గురించి మొహమాటపడకు. రేపు నీకో ఇల్లు ఏర్పడితే, పాత మామగారికి ఉత్తరాలేమిటని ఎవరైనా అన్నారనుకో, మానేసేయి. నేనేమీ అనుకోను.

ఆశీస్సులతో,
మామయ్య

అడ్రసు: పన్నెండో నంబరు, నీళ్ళట్యాంకు వీధి, కాలవ అవతల.

*

ఏప్రిల్ 2

మామయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. షెడ్డు లైను రెండో రకంలో వేశాను. శ్రమ తీసుకున్నందుకు కృతజ్ఞతలు.

మీరు కాలవ అవతలికి మారినందుకు సంతోషం. మీ వయసులో ఒంటరిగా ఉండటం మంచిది కాదు. కాళ్ళకి నూనె రాసే మనిషి దొరకడం అదృష్టం. నాకా ఓపిక ఉండేది కాదేమో. నిజం చెప్పాలంటే నన్నెవరూ అడగలేదు కూడా.

ఉత్తరాలు మానేయమని అంత గౌరవంగా చెప్పక్కర్లేదు. ఆ ఇంటికి నా దస్తూరీతో కవర్లు రావడం బాగుండదని నాకూ తెలుసు. పిచ్చుక ఎవరో, ఆడో మగో కూడా నాకు తెలియదు. ముక్కూ మొహం తెలియని మనిషికి నన్ను అప్పజెప్పి చేతులు దులుపుకోవాలని మీకెందుకనిపించిందో అర్థం కాలేదు.

అందరూ బాగుండాలని కోరుతూ,

నేను

*

ఏప్రిల్ 12

అమ్మాయ్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కళ్ళద్దాలు తుడుచుకుని చదివాను. కోపమొచ్చిందని మటుకు తెలిసింది, ఎందుకో తెలియలేదు.

పిచ్చుక మాట ఎత్తినందుకైతే వెనక్కి తీసుకుంటున్నాను. ముసలితనంలో నోటికి బ్రేకులు అరిగిపోతాయి. ఇక్కడికి కవర్లు రావడం బాగుండదన్నావు. ఎందుకు బాగుండదు? ఇక్కడ ఎవరికీ ఉత్తరాలు రావు. నాకొచ్చిందని పక్కమంచం ఆయన రెండురోజులు ఏడిపించాడు.

నన్నెవరూ అడగలేదన్నావు. నిజమే, అడగలేదు. అడగాల్సినవాణ్ణి నేనే. మీరిద్దరూ ఎందుకు విడిపోతున్నారని వాణ్ణీ అడగలేదు, నిన్నూ అడగలేదు. చెప్పినా వినపడదు కదా అని ఊరుకున్నాను.

ఇక్కడ కిటికీలోంచి కాలవ కనపడుతుంది. అవతల ట్రాము పోతుంటుంది, చప్పుడు లేకుండా, బొమ్మ బండిలాగా. దాన్ని చూస్తూ కూర్చుంటాను. రాయి.

మామయ్య

*

మే 13

మామయ్యా,

మీ ఏప్రిల్ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. "పక్కమంచం ఆయన" అని స్పష్టంగా రాశారు. ఇళ్ళల్లో పక్కమంచం ఆయనలుంటారా? నా కళ్ళకేమైందో.

నెలరోజులుగా మ్యాపు తెరవలేదు. మనసొప్పలేదు. పిచ్చుక రెండుసార్లు "ఏమైపోయారు?" అని రాసింది, పలకలేదు. నిన్న సాయంత్రం ఉండబట్టక తెరిచాను. కాలవ అవతల ఇదివరకు తెల్లగా ఉండే చోటంతా నిండిపోయింది. పోయిన ఆదివారం నడిచి ఎక్కించిందట. ఇళ్ళు, నంబర్లు, నీళ్ళట్యాంకు, దాని వెనక వీధి. చూడకూడదనుకుంటూనే పన్నెండో నంబరు వెతికాను. మీ అబ్బాయి ఇల్లు ఎంత పెద్దదో చూద్దామని, అంతే. అక్కడ ఇల్లు లేదు. పొడుగాటి భవనం ఉంది. దానిమీద పిచ్చుక రాసిన మాటలు: "ఆపరేషన్ల తర్వాత కోలుకునేవారి వసతిగృహం."

అప్పుడే మీ ఏప్రిల్ ఉత్తరం వెతికి తీశాను.

మీరు వాడింట్లో ఉన్నారనుకున్నాను. ఓపికమంతురాలు అంటే మీ కొత్త కోడలనుకున్నాను. అసూయతో నెలరోజులు మొహం మాడ్చుకున్నాను. పక్క బల్ల ఆవిడ చెవుల్లోంచి పాటలు తీసి మరీ ఏమైందని అడిగింది. మీరేమో అక్కడ కాళ్ళకి నూనె రాయించుకుంటున్నారు. ఎందుకు రాయించుకుంటున్నారో ఒక్క ముక్క చెప్పరు! వానకి ఇనుము నున్నగా ఉంటుందట, చూడ్డానికెళ్ళేవాళ్ళు జాగ్రత్తగా నడవాలట! ఎవరు నడిచారు మామయ్యా? ఎవరు పడ్డారు? నేను పంపితే కదా వెళ్ళారు!

శనివారం బయల్దేరుతున్నాను. సెలవిచ్చారు. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరుతుందో లేదో. ఈలోగా పిచ్చుకకి విషయం రాశాను, ఎవరైతేనేం, ఒకసారి వెళ్ళి చూసి రమ్మని. ఇప్పుడే జవాబొచ్చింది: "రేపే వెళ్తాను."

నేనొచ్చేదాకా అబద్ధాలు ఆపండి.

మీ కోడలు

*

జూన్ 3

అమ్మాయ్,

నువ్వు వెళ్ళాక గది పెద్దదైంది. నువ్వు కూర్చున్న కుర్చీని, ఆ నూనె రాసే ఆయా తీసి వరండాలో వేసింది. తన పని తను చేసింది.

ఎదురుగా చెప్పలేనివి కాగితంమీద చెబుతున్నాను. పలకమీద రాసి మాట్లాడుకోవడంలో నువ్వు రాసినంత వేగంగా నేను జవాబు చెప్పలేకపోయాను. తుంటి విరిగినట్టు నీకు రాయకపోవడానికి కారణం నువ్వన్నదే. నేను పంపితే కదా వెళ్ళారు అంటావని తెలుసు, అందుకే. ఆ లైను మీదుగా ఎన్నేళ్ళు బండి తోలానో, దాని గాడిలోనే కాలు జారింది. చూసి పోవాల్సింది నేను. వాడికి చెప్పకపోవడానికి కారణం వేరు. వాడి భార్యకి నెలలు నిండుతున్నాయి. ఈ సంగతి నీకు రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వొచ్చినరోజు చెబుదామని పలక తీసుకుని, "టిఫిను బాగుందా" అని రాశాను.

నీ పిచ్చుకని చూసి నేను పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు. నేను నీకు పెళ్ళికొడుకుని చేసి కూర్చోబెట్టినవాడు చీరకట్టుకుని వచ్చింది! కళ్ళద్దాల షాపట. వస్తూనే నా ముక్కుమీది అద్దాలు తీసి వెలుతురుకి పెట్టి చూసి పెదవి విరిచింది. కొత్తవి చేయించి తెచ్చింది. ఇది వాటితోనే రాస్తున్నాను. అక్షరాలు తిన్నగా లేవూ? ఆవిడా ఒంటరిదే. ఆదివారాలు ఇంట్లో ఉండలేక వీధులు కొలుస్తుందట. అది నాకు బాగా తెలిసిన జబ్బే అన్నాను.

నాతో వచ్చేయండి అని నువ్వు పలకమీద రాశావు. నేను చెరిపేశాను. నీకు కష్టమైంది, చూశాను. నీది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, పొద్దున వెళితే సాయంత్రం వస్తావు. నేనక్కడ కిటికీ పక్కన ఇంకో ప్లాస్టర్ దవడనవుతాను. అందుకే చెరిపాను, ఇష్టం లేక కాదు.

నువ్వు బయల్దేరేరోజు వాడొచ్చాడు. సైకిల్ షాపతను చెప్పాడట. మీరిద్దరూ వరండాలో మాట్లాడుకోవడం కిటికీ అద్దంలోంచి చూశాను. పెదాలు కదిలాయి. వాడు తల దించుకున్నాడు. నువ్వు సంచీ భుజం మార్చుకున్నావు. అంతే నాకు తెలిసింది. తర్వాత లోపలికొచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు, చిన్నప్పటిలాగా, ముక్కు తుడుచుకోకుండా.

వాళ్ళింటికి తీసుకెళతానంటున్నాడు. కింద గది ఖాళీ చేశారట. పాత ఇంటి మెట్లు నేనిక ఎక్కలేనని డాక్టరు తేల్చేశాడు. ఒప్పుకున్నాను. నిన్నడక్కుండా ఒప్పుకున్నానని నీకు కోపమా? అక్కడికి రాస్తావా? చెప్పు. వరండాలో ఏమనుకున్నారో కూడా చెప్పు. మీ మాటలు వినపడలేదని ఇన్నాళ్ళు తప్పించుకున్నది చాలు.

మామయ్య

*

జూన్ 14

మామయ్యా,

కోపం లేదు. మంచిపని చేశారు. మెట్లు లేని ఇల్లు, కొడుకున్న ఇల్లు, ఇంకేం కావాలి? మీరు పలక చెరిపినప్పుడు కష్టమైన మాట నిజమే. రైల్లో సగందూరం దాకా ఉంది, తర్వాత తగ్గింది. వచ్చి చూసుకుంటే గదిలో కిటికీ తెరిచే వెళ్ళాను, అన్నిటిమీదా దుమ్ము. ఒకవిధంగా మంచిదైంది, తుడుచుకోవడానికి పని దొరికింది.

వరండాలో మాటలు ఇవీ.

"నాన్న పడ్డారని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

"నాకూ ఎవరూ చెప్పలేదు. మ్యాపులో చూసి తెలుసుకున్నాను" అన్నాను.

"మ్యాపులోనా?" అన్నాడు. చెబితే పెద్ద కథ.

"నేను రోజూ ఆఫీసుకెళ్ళేది ఈ భవనం ముందునుంచే" అన్నాడు. అప్పుడే తల దించుకున్నది.

తర్వాత, "నాన్నని తీసుకెళతాను. నువ్వు ఉత్తరాలు మానకు. నీ ఉత్తరాలు దిండు కింద పెట్టుకున్నారు" అన్నాడు.

"మీ ఇంటికి రాయనా?"

"రాయి. చూడ్డానికి రావడమంటే మాత్రం... తనకి ఇబ్బందిగా ఉంటుంది. నెలలు నిండుతున్న ఈ పరిస్థితిలో."

"రానులే" అన్నాను. సంచీ భుజం మార్చుకున్నది అప్పుడు. బరువుగా ఉంది, అంతకన్నా ఏం లేదు. పాపనో బాబునో క్షేమంగా కనమని చెప్పమన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఇంటికొచ్చాక కొంచెం ఏడ్చిన మాట కూడా నిజమే.

రానని మాటిచ్చాను కాబట్టి ఆ ఇంటి గడప తొక్కను. కానీ నిన్న వాడిచ్చిన అడ్రసు పట్టుకుని మ్యాపులో ఆ వీధి చూస్తుంటే ఒక సంగతి కనపడింది. వాళ్ళ ఇంటి గేటుకి ఎదురుగా, రోడ్డుకి అవతలి పక్క, ట్రాము స్టాపుంది. పిచ్చుక దానికి బెంచీ కూడా ఉందని రాసింది. స్టాపు ఎవరి ఇల్లూ కాదు. ఎవరైనా కూర్చోవచ్చు, ఎవరికీ ఇబ్బంది లేదు. ఆగస్టులో నాకు మళ్ళీ సెలవులున్నాయి. నేనొచ్చి ఆ బెంచీమీద కూర్చుంటాను. అప్పటికి మీరు గేటుదాకా నడవగలిగితే మీరు బయటికి రండి. నడవలేకపోతే గేటు దగ్గర కుర్చీ వేయించుకోండి, ఎదురుబొదురుగా చూసుకుందాం. ఏ బండొచ్చినా ఎక్కకుండా సాయంత్రందాకా ఉంటాను.

రోడ్డు మాత్రం దాటకండి. అక్కడ డబుల్ లైను.

మీ కోడలు

*

జూలై 22

అమ్మాయ్,

ఇంటికొచ్చి నెలైంది. పాప పుట్టింది. రాత్రీపగలూ ఒకటే ఏడుపట, ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు, నాకొక్కడికే హాయి. ఆ అమ్మాయి పాపని నా ఒళ్ళో పెట్టి పని చేసుకుంటుంది. ఏడిస్తే నాకు ఒళ్ళు అదరడం తెలుస్తుంది. నీ శుభాకాంక్షలు వాడు చెప్పాడట. ఆ అమ్మాయి నా దగ్గరకొచ్చి ఏదో అడగబోయి మానేసింది. నీ కవరు వచ్చినప్పుడు మాత్రం తనే తెచ్చిస్తోంది, చింపకుండా. టీవీ ఇప్పుడూ పెడతారు. సాయంత్రాలు పొడుగ్గానే ఉంటాయి.

దాటొద్దన్నావు. గేటుదాకా చాలన్నావు. అదే చేశాను, మొదటి వారం గేటుదాకా, రెండో వారం గేటు అవతలిదాకా. మొన్న వాకరు పట్టుకుని నిలబడి అటు చూస్తే బెంచీ ఎంతో దూరం లేదనిపించింది. అటూ ఇటూ చూశాను, ఖాళీ. మొదటి లైను దాటాను. రెండోదాని దగ్గర వాకరు కాలు గాడిలో ఇరుక్కుంది. ఎత్తి తీసుకునేసరికి ఎంతసేపైందో తెలియదు. బెంచీమీద ఉన్నవాళ్ళు చేతులు ఊపుతున్నారు. కాలనీవాళ్ళు పలకరిస్తున్నారనుకుని నేనూ చెయ్యూపాను. ఒకావిడ లేచి నా పక్కకి వేలు చూపించింది. తిరిగి చూశాను.

బండి. అద్దంలో డ్రైవరు మొహం కనపడేంత దగ్గర. ఆగి ఉంది. గంట ఎప్పటినుంచి కొడుతున్నాడో పాపం, చెయ్యి ఇంకా మీటమీదే ఉంది. కొత్తవాడు, నాకు తెలియదు, నేనూ వాడికి తెలియను. ఒక చెయ్యి చెవిమీద పెట్టి తల అడ్డంగా ఊపాను. వాడికి అర్థమైంది. మీట వదిలేసి, మెల్లగా వెళ్ళమన్నట్టు అరచెయ్యి చూపించాడు. బండినిండా జనం. అందరూ కిటికీల్లోంచి నన్నే చూస్తున్నారు. వాకరు ఎత్తి పెట్టుకుంటూ, ఎత్తి పెట్టుకుంటూ వెళ్ళి బెంచీమీద కూర్చున్నాను. అప్పుడుగానీ బండి కదల్లేదు. అంతసేపు బండినాపిన పాసెంజరుని నా సర్వీసులో నేను చూడలేదు.

మా అబ్బాయి సాయంత్రం వచ్చి నన్ను అక్కడ చూసి అదిరిపోయాడు. చాలాసేపు అరిచాడు. ఆఖరికి పలకమీద రాశాడు, "రేపటినుంచి నేను దాటిస్తాను" అని. దాటిస్తున్నాడు.

బెంచీ బాగానే ఉంది. ముగ్గురు పడతారు. పైన రేకుంది కాబట్టి వానొచ్చినా ఫరవాలేదు. ఆగస్టులో ఏ ఆదివారమైనా రా. నువ్వు దిగేసరికి నేనక్కడ ఉంటాను. దూరంనుంచి పిలవకు, నాకు వినపడదు. తిన్నగా వచ్చి పక్కన కూర్చో.

మామయ్య